నాలుగో జాకీ కారుతుంది

వర్తూరులో, టైర్ల షాపు వెనక ఖాళీ సైటులో
తెల్లారకముందే బోరు బండిని కడిగాను.
కొన్న నీళ్ళతోనే. అర ట్యాంకరు పట్టింది.
పద్నాలుగేళ్ళ రాతిపొడి
బూడిదరంగు పాలలా కారి సందులోకి పోతుంటే
పక్కింటావిడ కిటికీ తీసి
"నీరు వేస్టు మాడ్బేడి" అంది.
నవ్వాను. ఏం చెప్తాను.

మేనల్లుడు లోహిత్ ఫోటోలు తీశాడు.
ముందు, వెనక, ఛాసిస్ నంబరు,
కంప్రెసరు గంటల మీటరు.
"రాడ్లు ఎన్ని మామా?"
"డెబ్బై అయిదు. ఇరవై అడుగులవి."
"అంటే పదిహేను వందల అడుగులు పోతుంది."
పోతుంది.
ఎన్ని అడుగుల్లో నీళ్ళు పడతాయని ఫారంలో అడగలేదు.

లోపాలు అన్నచోట ఖాళీ వదిలేద్దామన్నాడు వాడు.
నేను రాయించాను:
నాలుగో జాకీ కారుతుంది.
మూడో గేరు చలికాలం పొద్దున మొండికేస్తుంది.
డ్రైవరు పక్క తలుపు సొట్ట, మాలూరు దగ్గర రాళ్ళేసినప్పటిది.
ఆ పూట తొమ్మిది వందల అడుగులు దించాం,
పైకి దుమ్మే వచ్చింది,
అడుగుకింతని డబ్బు మాత్రం అడిగాం.
ఈ చివరి మూడు లైన్లూ వాడు టైపు చెయ్యలేదు.

అమ్మడానికి కారణం?
గీత నొక్కితే నాలుగు జవాబులు జారాయి:
కొత్తది కొంటున్నాం, ఊరు మారుతున్నాం,
వ్యాపారం మార్చాం, ఇతరాలు.
కింద ఏమీ లేదు అన్నది అందులో లేదు.
వ్యాపారం మార్చాం.

వేలం ఏడు రోజులు.
పద్దెనిమిది లక్షల దగ్గర మూడు రోజులు కదల్లేదు,
గట్టిరాయి తగిలినట్టు.
నాలుగో రోజు ఎవడో మిలిటరీ ఆఫీసరునంటూ
బండి చూడకుండానే అడ్వాన్సు పంపుతానని
ఓటీపీ చెప్పమన్నాడు.
లోహిత్ ఫోను లాక్కున్నాడు.

ఆఖరి రాత్రి పడుకోలేదు.
పేర్లు లేవు, నంబర్లే.
ఏడో నంబరూ పద్దెనిమిదో నంబరూ
ఒకరి మీదొకరు పాడుకుంటూ పోతున్నారు.
నాకిది పాత అలవాటే:
ఫ్లడ్ లైటు కింద కూర్చుని రాడ్లు లెక్కపెడుతూ
ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ
పొలం ఆసామి మొహం చూడకపోవడం.
అప్పుడు ఇంకొక్కటి అంటే ఎదుటివాడికి అప్పు.
ఇప్పుడూ అంతే.

చివరి రెండు నిమిషాల్లో ఎవరన్నా పాడితే
మరో అయిదు నిమిషాలు పెరుగుతుందట.
పదకొండుసార్లు పెరిగింది.
ఇరవై ఆరు లక్షల నలభై వేల దగ్గర
ఏడో నంబరు ఊపిరి వదిలేశాడు.

పద్దెనిమిదో నంబరు ఆదివారం వచ్చాడు.
పేరు తిప్పేరుద్రప్ప, ఊరు పావగడ దగ్గర.
పెళ్ళాన్నీ తెచ్చాడు.
జాకీ కిందికి దూరి, కారినదాన్ని వేలికి రాసుకుని వాసన చూసి
"నిజమే రాసినావే!" అన్నాడు,
నేనేదో తప్పు చేసినట్టు.
సుంకమ్మ ఇంజను జోలికి పోలేదు.
తలుపు సొట్టని అరచేత్తో తడిమి
"ఎవరి చేలో?" అంది.
చెప్పాను.
ఆమె చెయ్యి కాసేపు అక్కడే ఉంది.

డబ్బు ఖాతాలో పడి
ఇరవై తొమ్మిది, ముప్పై ఫారాల మీద సంతకాలయ్యాక
బండి గేటు దాటుతుంటే మూడో గేరు మొండికేసింది.
చలికాలం కూడా కాదు.

సైటులో నాలుగు జాకీల గుంటలు మిగిలాయి.
నాలుగోదాంట్లో నూనె.

నిన్న రాత్రి రెండింటికి ఫోను.
"అన్నా, ఎనిమిది వందల అరవై. విను."
బోరు దగ్గర పెట్టినట్టున్నాడు.
కంప్రెసరు రొద.
దాని వెనక సుంకమ్మ అరుపో, నవ్వో.
పొడి ఎండుగా వస్తోందా, తడిసి వస్తోందా,
వాసన తగిలితే చాలు, చెప్పేస్తాను.
ఫోనులో వాసన రాదు.
"పడిందా?" అని అడిగాను.
"ఇంకొక్క రాడ్డు దించుతాండా" అన్నాడు.